స్కిమ్మర్‌కి బీట పడింది. అతికించొచ్చా, పారేయాలా?

సాగర్‌నగర్_రీఫ్ (విశాఖపట్నం)

అందరికీ నమస్తే. ట్యాంకు చూస్తే నిండా ప్రాణులు, జేబు చూస్తే నెలాఖరు. సరిగ్గా ఇప్పుడే స్కిమ్మర్ (నీళ్లలోని మురికిని నురుగుగా బయటికి తీసే గొట్టం) పగిలింది.

నాది 4 అడుగుల ఉప్పునీటి ట్యాంకు, సంప్‌తో (ట్యాంకు నీళ్లు శుభ్రమయ్యే విడి తొట్టి) కలిపి సుమారు 350 లీటర్లు. చేపల్లో రెండు క్లౌన్‌లు, ఒక ఫాక్స్‌ఫేస్, రెండు క్రోమిస్‌లు; పగడాల్లో కొన్ని జోయాలు, అరచేయంత లెదర్ కోరల్ ఒకటి. స్కిమ్మర్ సంప్ లోపల నిలబెట్టే రకం, ఒళ్లంతా అక్రిలిక్ (గాజులా కనిపించే ప్లాస్టిక్). గొట్టం బయటి వ్యాసం 110 ఎం.ఎం., గోడ మందం 4 ఎం.ఎం. కొని నాలుగేళ్లయింది, వారంటీ ఎప్పుడో అయిపోయింది.

మొన్న ఆదివారం దాన్ని కడగడానికి తీశాను. లోపల పట్టిన గులాబీ రంగు సున్నపు పొర వదలాలని వెనిగర్ కలిపిన నీళ్లలో నానబెట్టాను. అది ఎప్పుడూ చేసేదే. ఈసారి కప్పు (పైన నురుగు పట్టే గిన్నె) మెడలోనూ స్కిమ్మర్ అడుగునా జిడ్డు వదలకపోతే, అమ్మ షుగర్ ఇంజక్షన్‌కి వాడే స్పిరిట్ దూదికి అద్ది గట్టిగా తుడిచాను. అద్దంలా మెరిసింది. మర్నాడు చూస్తే గొట్టం అడుగు పలకతో కలిసే చోట సాలెగూడులాంటి గీతలు. ఏముందిలే, పాతదైపోయింది కదా అనుకుని పంపు యూనియన్ నట్టు (పంపుని స్కిమ్మర్‌కి కలిపే మర) బిగిస్తున్నా. 'టిక్' అని చప్పుడు. అడుగు పలక నుంచి నిలువుగా పైకి 7 సెంటీమీటర్ల బీట. గోరు పెడితే అంచు తగులుతోంది.

ఆ కంగారులో సూపర్ గ్లూ పోశాను. ఒక రాత్రి ఆగింది, పొద్దున్నకి మళ్లీ కారుతోంది. కొత్తది 18,000 చెప్తున్నారు. దీన్ని ఇంట్లో బాగుచేసుకోవచ్చా? చేస్తే చేపలకేమైనా అవుతుందా?

—

గోదారి_గప్పీ (రాజమండ్రి)

బ్రో, అక్వేరియం సిలికాన్ ఒక గీత లాగి 24 గంటలు ఆరబెట్టెయ్. నా గాజు ట్యాంకు రెండుసార్లు అలాగే బాగైంది. అన్నట్టు నా హ్యాంగింగ్ ఫిల్టర్ డబ్బాకి కూడా మూల చిట్లింది, అది కూడా అక్రిలిక్కే అనుకుంటా. దానికీ ఎవరైనా చెప్పండి.

—

బోర్డుల_బాబాయ్ (విజయవాడ)

తమ్ముడూ, ముందు ఆ సూపర్ గ్లూ పక్కన పెట్టు. గప్పీ తమ్ముడూ, నువ్వు ఆ సిలికాన్ గన్ను పక్కన పెట్టు. సిలికాన్ గాజుని పట్టుకున్నట్టు అక్రిలిక్‌ని పట్టుకోదు. పైకి బాగానే కనిపిస్తుంది, ఓ మూల గోరుతో లేపితే మీగడలా మొత్తం ఊడి వస్తుంది.

నేను వన్‌టౌన్‌లో ముప్పై ఏళ్లుగా బోర్డులు చేస్తున్నా. డాక్టర్ల నేమ్ ప్లేట్లు, షీల్డులు, షాపుల అక్షరాలు. అక్రిలిక్‌తోనే అన్నం తింటున్నా. చేపల పిచ్చి తర్వాత పట్టుకుంది. ట్యాంకు సామాను కొనడం కన్నా చేసుకోవడం చవక అనుకున్నా. చవకేం కాలేదు, అది వేరే కథ.

నీ స్కిమ్మర్‌ని పగలగొట్టింది స్పిరిట్. నట్టు చివరి దెబ్బ మాత్రమే వేసింది. గొట్టాన్నీ పలకనీ అతికించినప్పుడు ఆ అతుకు దగ్గర బిగువు లోపలే ఉండిపోతుంది. కంటికి కనపడదు. స్పిరిట్ తగలగానే ఆ బిగువు ఉన్నచోటల్లా అక్రిలిక్ నెర్రెలిస్తుంది. ఒక డాక్టరుగారికి క్లినిక్ బోర్డు చేసిచ్చాను. ఆర్నెల్లకి తెచ్చి బల్ల మీద పడేశారు, "నాసిరకం షీట్ వేశావు" అని. చూస్తే అక్షరాల అంచులన్నీ వెంట్రుక గీతలు. ఆరా తీస్తే కాంపౌండర్ రోజూ పొద్దున్నే స్పిరిట్‌తో తుడుస్తున్నాడు! అమోనియా ఉండే అద్దాల క్లీనర్ కూడా అంతే. వెనిగర్ నీళ్లతో ఏం కాదు, అది మామూలుగా వాడుకో.

ఇప్పుడు అసలు సంగతి. అక్రిలిక్‌ని అతికించరు తమ్ముడూ, కరిగించి కలుపుతారు. మా షాపులో వాడేది క్లోరోఫాం. నీళ్లలా పల్చగా ఉంటుంది, దానంతటది జిగురు కాదు. రెండు ముక్కల మధ్యకి సూదితో వదిలితే సందులోకి దానంతటదే పాకుతుంది, రెండువైపులా పైపొరని కరిగిస్తుంది, కరిగిన పొరలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, క్లోరోఫాం ఆవిరైపోతుంది. మిగిలేది అక్రిలిక్ ఒక్కటే. అందుకే చదునైన కొత్త ముక్కలు రెండు పెట్టి అతికిస్తే ఆ అతుకు అంత గట్టిగా ఉంటుంది. నీ బీటలో ఉన్నది అదా? ఒకవైపు ఉప్పు, ఇంకోవైపు ఎండిన సూపర్ గ్లూ, మధ్యలో చెమ్మ. క్లోరోఫాం ఎంత పోసినా కలవడానికి అక్కడేం లేదు. పైగా చుట్టూ నెర్రెలున్నాయి కదా, పల్చటి క్లోరోఫాం తగిలితే అవి ఇంకా పాకుతాయి.

కాబట్టి బీట జోలికి పోకు. దాన్ని అక్కడే ఆపి, పైన పట్టీ వెయ్యి.

అసలు చెయ్యొచ్చా అన్నదానికి నా లెక్క ఇది. నీ స్కిమ్మర్ సంప్‌లో నిలబడి ఉంది. కారినా సంప్‌లోకే కారుతుంది, నేల మీదికి కాదు. పైగా బయట సంప్ నీళ్లు, లోపల స్కిమ్మర్ నీళ్లు, రెండింటి మట్టానికి తేడా ఓ జానెడు. అంత తేడాకి గోడ మీద పడే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకి 20 గ్రాములు. అదేం లెక్కలోది కాదు. నీ బీటకి ఒత్తిడి వచ్చింది నట్టు నుంచి, పంపు అదురు నుంచి. అందుకే ధైర్యంగా చెయ్యమంటున్నా. అదే ఈ బీట ట్యాంకు గోడకి పడి ఉంటే, లేదా ట్యాంకు బయట వేలాడే పెట్టెకి పడి ఉంటే, వద్దనే చెప్పేవాణ్ణి.

మొదటి పని, సూపర్ గ్లూని బ్లేడుతో నెమ్మదిగా గీకెయ్. గోళ్ల రంగు తుడిచేది వాడితే పోతుందని ఎవరో ఒకరు చెప్తారు, వినకు. అందులో అసిటోన్ ఉంటుంది, అది అక్రిలిక్‌నే తినేస్తుంది. తర్వాత బకెట్లో ఆర్వో నీళ్లు పోసి రెండు రోజులు నానబెట్టు, రోజుకి రెండుసార్లు నీళ్లు మార్చు. సందులో దాక్కున్న ఉప్పు బయటికి రావాలి. ఆపైన నీడలో ఒక వారం ఆరనివ్వు. అక్రిలిక్ కూడా కాస్త నీళ్లు తాగుతుంది, నాలుగేళ్లు నీళ్లలో ఉన్నది ఒక పూటలో ఆరదు. ఎండలో పెట్టకు, హెయిర్ డ్రయ్యర్ పెట్టకు.

తర్వాత బీట చివర ఎక్కడుందో చూసుకో. కంటికి కనపడే చివర అసలు చివర కాదు. చీకట్లో టార్చి పక్కనుంచి వేస్తే ఇంకో రెండు మూడు ఎం.ఎం. ముందుకి పోయి ఉంటుంది. అక్కడ 3 ఎం.ఎం. బెజ్జం వెయ్యి. గుండ్రటి బెజ్జం దగ్గరికొచ్చాక చీలిక ఆగిపోతుంది. కొత్త డ్రిల్ బిట్ వాడావో, అది అక్రిలిక్‌ని కొరికి పట్టుకుని ముక్క లేపేస్తుంది. మేం బిట్ అంచుని సానరాయి మీద రెండు రుద్దులు రుద్ది మొద్దు చేస్తాం. నెమ్మదిగా తిప్పు, చుక్క చుక్క నీళ్లు వదులుతూ ఉండు, లోపలివైపు చెక్కముక్క ఆనించు.

పట్టీకి 2 ఎం.ఎం. క్లియర్ షీట్, కాస్ట్ రకం అని అడిగి తీసుకో. వెడల్పు 5 సెంటీమీటర్లు, ఎత్తు 10. బీటకి అటూ ఇటూ పైనా కనీసం అంగుళం దాటాలి, కింది అంచు అడుగు పలక మీద కూర్చోవాలి. లేజర్ మీద కట్ చేయించుకోకు. లేజర్ అంచులో బిగువు ఉండిపోతుంది, దానికి క్లోరోఫాం తగిలితే నెర్రెలే. రంపంతో కోసి, అంచుని 400 నంబరు వాటర్ పేపర్‌తో రుద్దుకో, మూలలు గుండ్రంగా చెయ్యి.

లోపలివైపు వెయ్యడం పద్ధతి, నీటి ఒత్తిడే పట్టీని గోడకి అదుముతుంది కాబట్టి. కానీ నీ స్కిమ్మర్‌లో చెయ్యి దూరదు, పైగా లోపల బుడగల్ని పరిచే పలక అడ్డం. బయటే వెయ్యి, నీకున్న ఒత్తిడికి సరిపోతుంది.

పట్టీ వంచాలి కదా. 150 డిగ్రీల ఓవెన్‌లో పెడితే మెత్తబడి తోలులా వంగుతుంది. (మా ఇంట్లో దీనికోసం పాత ఓవెన్ విడిగా ఉంది. ఎందుకు విడిగా ఉందో అడక్కు.) ఒక లీటరు పెయింటు డబ్బా తీసుకుని, చుట్టుకొలత నీ గొట్టానికి సరిపోయేదాకా పాత బనియన్ గుడ్డ చుట్టు. నూలు గ్లౌజులు వేసుకుని వేడి ముక్కని దాని మీద పరిచి, ఇంకో గుడ్డతో అదిమి చల్లారేదాకా పట్టుకో. స్కిమ్మర్ మీదే పెట్టి వంచకు, ఆ వేడికి పాత అతుకు కదులుతుంది. చల్లారాక పట్టీని గొట్టం మీద ఆనించి చూడు. మధ్యలో కాగితం దూరకూడదు. దూరితే మళ్లీ వేడి చెయ్యి. ఈ పని మీద నువ్వు ఒక సాయంత్రం మొత్తం పోగొట్టుకున్నా పర్లేదు, మిగతాదంతా పది నిమిషాలే.

అతికించడానికి పల్చటి క్లోరోఫాం కాదు. చిన్న గాజు సీసాలో క్లోరోఫాం పోసి, అదే షీటు పొట్టు, సన్న ముక్కలు వేసి మూత పెట్టి ఒక రాత్రి ఉంచు. ఆముదంలా తయారవుతుంది. దాన్ని పట్టీ లోపలివైపు పల్చగా పరిచి, ఒక నిలువు అంచు ముందు ఆనించి, చాప పరిచినట్టు రెండో అంచువైపు దొర్లించుకుంటూ అదుము. బుడగలు ముందుకి పోతాయి. పాత సైకిల్ ట్యూబు కోసి రెండు చోట్ల కట్టు, జిగురు దానికి తగలకుండా చూసుకో. గట్టిగా బిగిస్తే జిగురంతా బయటికొచ్చి లోపల ఏమీ మిగలదు.

రెండు రోజులకి గట్టిపడినట్టే ఉంటుంది. నేనైతే వారం ఆగుతా.

క్లోరోఫాం ఆటవస్తువు కాదు. ఆవిరి గాలికన్నా బరువు, గదిలో కింద పేరుకుంటుంది. కాబట్టి డాబా మీదో, వరండాలోనో చెయ్యి. పొయ్యి, అగరుబత్తి, సిగరెట్ దగ్గర్లో ఉండకూడదు, మంట తగిలితే దాన్నుంచి ఫాస్‌జీన్ అనే విషవాయువు పుడుతుంది. పల్చటి రబ్బరు గ్లౌజులు దాన్ని ఎక్కువసేపు ఆపలేవు, మీద పడితే వెంటనే తీసి పారెయ్. ఇంట్లో పిల్లలుంటే సీసా మీద పెద్దక్షరాలతో రాసి తాళం వెయ్యి, నీళ్ల బాటిల్‌లో పొరపాటున కూడా పొయ్యకు. నేను కుర్రతనంలో షట్టర్ సగం దించి పని చేసేవాణ్ణి, సాయంత్రానికి తల తిరిగేది, ఆకలి అనుకునేవాణ్ణి.

—

ప్లానో_పగడాలు (టెక్సాస్)

బాబాయ్ గారు చెప్పింది అక్షరాలా నిజం. ఇక్కడ మేం వాడేది వెల్డ్-ఆన్ అనే బ్రాండు జిగుర్లు. పల్చటిది 4వ నంబరు, చిక్కటిది 16వ నంబరు, రెండు భాగాలు కలిపి వాడేది 40. బాబాయ్ సీసాలో చేసే ఆముదం, మా 16 దాదాపు ఒకటే పని చేస్తాయి. వీటిలో కొన్నిటికి ఆధారం డైక్లోరోమీథేన్ అనే ద్రావకం ఉండేది. అది 40 డిగ్రీలకే మరుగుతుంది, ఒంట్లోకి పోతే కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. 2024లో ఇక్కడి పర్యావరణ సంస్థ మామూలు జనం దాన్ని వాడకుండా నిషేధించింది, అందుకని ఇప్పుడు సీసా కొనేముందు అందులో ఏముందో చదువుతున్నా.

నా అనుభవం ఒకటి చెప్తా, విశాఖలో ఉన్నారు కాబట్టి పనికొస్తుంది. సంప్‌లో అడ్డుపలక ఊడితే మే నెలలో గరాజ్‌లో అతికించా. బయట వాన పడి వెలిసింది, గాలంతా చెమ్మ. అతుకు పొడవునా పాలు పోసినట్టు తెల్లబారింది. ద్రావకం తొందరగా ఆవిరవుతూ ఆ చోటుని చల్లబరుస్తుంది, చల్లటి చోట గాలిలో చెమ్మ దిగుతుంది. చల్లటి గ్లాసుకి చెమట పట్టినట్టే. ఆ అతుకు ఏడాది తిరగకుండా ఊడింది. రెండోసారి డిసెంబరులో చేశా, అది ఇప్పటికీ ఉంది.

—

సాగర్‌నగర్_రీఫ్

బాబాయ్, మీకు దండం పెట్టాలి. మూడు సందేహాలు.

ఒకటి, మాది సముద్రానికి కిలోమీటరు. చెమ్మ లేని రోజు ఎక్కడినుంచి తేవాలి? రెండు, క్లోరోఫాం ఆనవాళ్లు నీళ్లలోకి దిగితే పగడాలు బతుకుతాయా? మూడు, వారం పైన స్కిమ్మర్ లేకుండా ట్యాంకుని ఎలా లాగాలి?

కప్పు మెడలో ఉన్న నెర్రెల సంగతి కూడా చెప్పండి. అక్కడ ఇంకా విరగలేదు.

—

బోర్డుల_బాబాయ్

మధ్యాహ్నం రెండు గంటలప్పుడు చెయ్యి, పొద్దున్న కాదు. రోజులో చెమ్మ తక్కువుండేది అప్పుడే. నిన్న రాత్రి వాన పడి ఉంటే మానెయ్. ఏసీ గదిలో చేద్దామని తలుపులు బిగించుకోకు, చెమ్మ తగ్గుతుంది గానీ ఆవిరి మొత్తం నీ ముక్కులోకే. ముక్కలు మాత్రం ఏసీ గదిలో రెండు గంటలుంచి, తర్వాత వరండాలోకి తెచ్చి అతికించు. తెచ్చాక అరగంట ఆగు, చల్లగా ఉండగానే బయటికి తెస్తే వాటి మీదే చెమ్మ పడుతుంది. జిగురు చిక్కగా ఉంటే తెల్లబారడం కూడా తక్కువే.

విషం సంగతికొస్తే, పూర్తిగా ఆవిరయ్యాక మిగిలేది అక్రిలిక్. వారం ఆగమన్నది అందుకే. ఆ వారం అయ్యాక బకెట్ నీళ్లలో రెండు రోజులు నానబెట్టు, పూటపూటకీ నీళ్లు మార్చు. ముక్కు దగ్గర పెట్టుకుంటే తియ్యటి వాసన కొంచెం తగిలినా ఇంకా పని అవ్వలేదని అర్థం.

స్కిమ్మర్ లేకుండా ట్యాంకు పోదు. మేత సగానికి తగ్గించు. వారానికి 10 శాతం నీళ్లు మార్చేవాడివైతే మూడు రోజులకోసారి మార్చు. రాత్రిపూట ఒక గాలి రాయి (బుడగలు వదిలేది) సంప్‌లో వెయ్యి, స్కిమ్మర్ చేసే పనుల్లో నీళ్లకి గాలి పట్టించడం కూడా ఒకటి. ఫాక్స్‌ఫేస్ ఆకలి మొహం పెడుతుంది, కరగకు.

మెడకి ఏమీ చెయ్యకు. నెర్రెలకి మందు లేదు. అక్కడ నీటి బరువు లేదు, నురుగే. కప్పుని పట్టుకుని తిప్పేటప్పుడు మెడ పట్టుకోకుండా కింది అంచు పట్టుకుని తిప్పు. ఒకవేళ విరిగితే కప్పు ఒక్కటే విడిగా దొరుకుతుందేమో ఇప్పుడే అడిగి పెట్టుకో.

—

గోదారి_గప్పీ

బాబాయ్, నన్ను మర్చిపోయారు. నా హ్యాంగింగ్ ఫిల్టర్ డబ్బా సంగతి? క్లోరోఫాం తెచ్చుకోనా?

ఇంకొకటి. బెర్లిన్‌లో హోటల్ లాబీలో పది లక్షల లీటర్ల అక్రిలిక్ అక్వేరియం ఒక్కసారి పేలింది కదా. ఇదంతా చదువుతుంటే అది గుర్తొచ్చి భయమేస్తోంది.

—

బోర్డుల_బాబాయ్

డబ్బా ముందు అక్రిలిక్కో కాదో తేల్చు. మెరిసేదంతా అక్రిలిక్ కాదు, అలాంటి డబ్బాలు చాలావరకు వేరే ప్లాస్టిక్‌తో అచ్చు పోస్తారు. లీటరు నీళ్లలో 200 గ్రాముల ఉప్పు పూర్తిగా కరిగించు. చిట్లిన చోటి నుంచి గోరంత ముక్క తీసి అందులో వేసి, బుడగలు అంటకుండా పుల్లతో ముంచు. అక్రిలిక్ మునుగుతుంది. పాలిస్టైరీన్, దాని చుట్టాలు తేలతాయి. తేలితే మాత్రం క్లోరోఫాం దగ్గరికి రానివ్వకు. ఆ రకాన్ని అది అతికించడం కన్నా ముందు ముద్ద చేసేస్తుంది.

ఇక ఆ బెర్లిన్ ఆక్వాడోమ్. 2022 డిసెంబరు 16 తెల్లవారుజామున పగిలింది. అది ఎందుకు పగిలిందో విచారించిన నిపుణులే ఒక్కటే కారణమని తేల్చి చెప్పలేకపోయారు. అతుకు ఊడి ఉండొచ్చు, అడుగున దెబ్బ తగిలి ఉండొచ్చు, అంతకు ముందు మరమ్మతులకి ఖాళీ చేసినప్పుడు ఎండిపోయి బలహీనపడి ఉండొచ్చు అన్నారు. నీ గప్పీల డబ్బాకీ దానికీ పోలికేంటి నాయనా, పడుకో.

—

గోదారి_గప్పీ

తేలింది బాబాయ్. దర్జాగా తేలింది. రెండు ట్యూబుల ఎపాక్సీ వేసి చూస్తా. పోతే పోయింది, నాలుగువందల డబ్బా.

—

సాగర్‌నగర్_రీఫ్ (మూడు వారాల తర్వాత)

చెప్పినట్టే చేశాను, చెప్పని తప్పులు కూడా రెండు చేశాను. అవి రాయడానికే వచ్చా.

మొదటి తప్పు ఓవెన్. 150 డిగ్రీల దగ్గర ఆగకుండా, తొందరగా అవుతుందని 200కి తిప్పాను. పట్టీ నిండా సోడా బుడగలు! పారేసి ఇంకోటి కోశాను. 150 దగ్గర ఓపిగ్గా ఉంచితే నిజంగానే తోలులా వంగింది. పెయింటు డబ్బా మీద నాన్న బనియన్లు రెండు చుట్టితే సరిగ్గా 110 వచ్చింది. ఆ బనియన్లు ఇప్పుడు ఆయన అడుగుతున్నారు.

రెండో తప్పు, జిగురు కోసం ఇంజక్షన్ సిరంజి వాడాను. క్లోరోఫాంకి లోపలి రబ్బరు ఉబ్బి పిస్టన్ కదలడం మానేసింది. గట్టిగా నొక్కితే ఒక్కసారి చిమ్మి బల్ల మీద పడింది, బల్ల మీది ప్లాస్టిక్ షీటు కరిగిపోయింది. కళ్లజోడు ఉంది కాబట్టి సరిపోయింది. ఆ తర్వాత గాజు కడ్డీతో పూశాను. చిక్కటి జిగురుకి అసలు సిరంజి అక్కర్లేదని అప్పుడు తెలిసింది.

అతికించిన రోజు మధ్యాహ్నం మబ్బు లేదు. అయినా పట్టీ పైమూల గోరంత తెల్లబారింది. లోపల మూడు బుడగలున్నాయి, ఏవీ బీట గీత మీద లేవు. డ్రిల్ బెజ్జం పట్టీ కింద స్పష్టంగా కనిపిస్తోంది, అక్కడ నుంచి చీలిక అంగుళం మేర కాదు కదా ఎం.ఎం. కూడా కదల్లేదు. ఎనిమిదో రోజు బకెట్లో నిలబెట్టి, లోపల నీళ్లు నింపి, బయట టిష్యూ చుట్టి ఒక రాత్రి ఉంచాను. పొద్దున్నకి టిష్యూ పొడిగా ఉంది. ఆ పొడి టిష్యూకి ఫొటో తీసుకున్న వెర్రివాణ్ణి నేనే అయ్యుంటా.

ట్యాంకులో పెట్టాక రెండు రోజులు నురుగు ఆగకుండా పొంగింది, కప్పు గంటకోసారి నిండింది. కంగారుపడి గాలి వాల్వు దాదాపు మూసేశాను. మూడో రోజు మామూలుకి వచ్చింది. జోయాలు ఒక పూట ముడుచుకున్నాయి, అంతే. ఫాక్స్‌ఫేస్ మాత్రం సగం మేతకి ఇంకా అలిగే ఉంది.

మెడలో నెర్రెలు ఇంకాస్త పెరిగాయి. కప్పు విడిగా దొరుకుతుందట, నాలుగు వారాలు పడుతుందన్నారు, చెప్పి పెట్టా.

—

బోర్డుల_బాబాయ్

సిరంజి సంగతి నేను చెప్పాల్సింది, మా షాపులో కూడా రోజుకొకటి పారేస్తాం. తెల్లబారిన మూలని అలా వదిలెయ్, మళ్లీ జిగురు పొయ్యకు. బుడగలు వచ్చింది మధ్యలో ఎక్కడో నువ్వు రెండో అంచు ముందే అదిమి ఉంటావు. బీట మీద లేవు కదా, పోనీ.

యూనియన్ నట్టు ఈసారి ఎంత బిగించావు?

—

సాగర్‌నగర్_రీఫ్

నేను బిగించలేదు బాబాయ్. ఓ-రింగుకి సిలికాన్ గ్రీజు రాసి అమ్మ చేతికిచ్చా. "నా ఇంజక్షన్ స్పిరిట్ చేపల గొట్టానికి పూసి, ఇప్పుడు నన్నే పనిలో పెడతావా" అంటూ బిగించింది. ఆవిడ చేతి బలానికి చుక్క కూడా కారట్లేదు.